పడవవాడు లేవడం లేదు

ఆఫీసులో ఆమెను అందరూ పురుగులక్క అంటారు. పేరు విని మొహం చిట్లించుకోనక్కర్లేదు. కంప్యూటర్ ఆటల్లో దొర్లే తప్పుల్ని అక్కడి కుర్రకారు పురుగులంటారు, వాటిని ఏరడం ఆమె ఉద్యోగం. గోడలోంచి నడిచిపోయే సైనికుడు, చచ్చిపోయాక కూడా బేరమాడే కొట్టువాడు, గాల్లో తేలే కుర్చీ, ఇవన్నీ ఆమె కంట పడ్డాకే దారికొస్తాయి. అంతకుముందు ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ప్రెస్సు మూతపడ్డాక, ఓపిక తప్ప మరో అర్హత అడగని ఉద్యోగం ఇదొక్కటే దొరికింది. "ఆటలు ఆడేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారండీ, మాకు విసుగు పుట్టనివాళ్ళు కావాలి," అన్నాడు ఇంటర్వ్యూలో కంపెనీ యజమాని. అతనికి నిండా ముప్పై రెండేళ్ళు లేవు. మిగతావాళ్ళంతా అతనికన్నా పిల్లలు కాబట్టి అతన్ని పెద్దాయన అంటారు.

ఆమెకు అప్పగించింది ఆటలో మాటల భాగం. ఈ రకం ఆటల్లో ఆడేవాడు ముందు తన మనిషిని తనే తయారుచేసుకోవాలి. బలం ఎంత, చురుకు ఎంత, తెలివి ఎంత, మాట ఎంత అని ఒక్కోదానికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకోవాలి. అన్నింటికీ పది వేసుకుందామంటే కుదరదు, ఇచ్చిన మొత్తంలోనే సర్దుకోవాలి. బలం మీద పెట్టినవాడు తలుపులు విరగ్గొడతాడు గానీ నోరు విప్పాల్సి వస్తే నీళ్ళు నముల్తాడు. మాట మీద పెట్టినవాడికి తలుపుతో పనే లేదు, కాపలావాడే గడియ తీసి లోపలికి దయచేయమంటాడు. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు తెర మీద నాలుగైదు వాక్యాలు వస్తాయి, వాటిలో ఏది అనాలో ఎంచుకోవాలి. మాట నాలుగు ఉన్నవాడికి కనిపించని వాక్యం ఏడు ఉన్నవాడికి కనిపిస్తుంది. పురుగులక్క పనల్లా ఒకే సంభాషణను మాట ఒకటితో మొదలుపెట్టి పది దాకా, ఆ తర్వాత తెలివి మార్చి, ఆ తర్వాత బలం మార్చి, ఒక్క వాక్యం కూడా వదలకుండా నొక్కి చూడటం. ఇదీ ఒక పనేనా అని అత్తగారి అనుమానం. ఒక్క పూట చేస్తే ఆ అనుమానం తీరిపోయేది.

ఆ నెలలో ఆమె చేతికొచ్చిన ఘట్టంలో ఒక ఏరు ఉంది. ఏటి ఒడ్డున పడవవాడు కూర్చుని ఉంటాడు. ఒకనాడు సుడిలో ఎవరో ఎదురుపడితే తప్పించబోయి తెడ్డు గట్టిగా వేశాడు, పడవ ఒరిగి ఒక ఆడమనిషి నీళ్ళలో పడిపోయింది, దక్కలేదు. అప్పటి నుంచి అతను జనాన్ని దాటించడు. ఆడేవాడు అవతలి ఒడ్డుకు వెళ్ళితీరాలి, కాబట్టి పడవవాణ్ణి ఒప్పించాలి. మాట నాలుగుంటే అతను జరిగింది చెప్తాడు. ఏడుంటే "ఇందులో నీ తప్పేం లేదు" అనే వాక్యం తెర మీదికి వస్తుంది. తొమ్మిదుంటే ఇంకో పెద్ద ఉపన్యాసం వస్తుంది, దానికతను కళ్ళు తుడుచుకుని లేచి పడవ విప్పుతాడు. రాసింది కథలమ్మాయి. ఆఫీసులో కథలూ మాటలూ రాసే పిల్ల, నిరుడే చదువు పూర్తయింది, చేతిలో ఏదుంటే అది ఎప్పుడూ కొరుకుతూ ఉంటుంది.

ఆ ఘట్టం మొదటిసారి ఆడినప్పుడు పురుగులక్కకు ఒళ్ళు జలదరించింది. కథలమ్మాయికి తన ఇంటి సంగతి తెలిసే అవకాశం లేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా ఒక్కటే రూటు. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం కాలేజీ కుర్రాడొకడు సైకిలు మీద సందులోంచి బాణంలా దూసుకొచ్చి బస్సుకు అడ్డం పడ్డాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కుర్రాడు సైకిలు దులుపుకుని వెళ్ళిపోయాడు, ఒంటి మీద గీత కూడా పడలేదు. బస్సులో మాత్రం, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక నర్సు తన స్టాపు వచ్చేస్తోందని ముందే లేచి నిలబడింది. ఆమె వెళ్ళి ఇనప కడ్డీకి కొట్టుకుంది. మూడో రోజు ఆస్పత్రిలో పోయింది. విచారణ జరిగింది, డ్రైవరు తప్పు వీసమెత్తు కూడా లేదని తేల్చారు. ఆ మాట విని అతను తల ఊపాడు, ఇంటికొచ్చి యూనిఫారం మడతపెట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాడు.

ఆపైన సెలవు మీద సెలవు. చివరికి డిపో మేనేజరు పిలిపించి మంచిగానే చెప్పాడు. వచ్చే ఒకటో తారీఖుకి స్టీరింగు పట్టుకోకపోతే డ్రైవరుగా తీసేసి స్టోర్సులో కూర్చోబెడతారు, ఇక మళ్ళీ బస్సు ఇవ్వరు. జీతంలో పెద్ద తేడా రాదు. అందుకే చుట్టాలకు ఆమె కంగారు అర్థం కాలేదు. స్టోర్సు అంటే డిపో వెనక కిటికీ లేని గది, నట్లూ బోల్టులూ బెల్టులూ తప్ప అక్కడ చూడటానికేం లేదు. ఇరవై ఏళ్ళు ఊరంతా ముందద్దంలోంచి చూసి, సాయంత్రం ఇంటికొచ్చి ఏ వీధిలో ఏ కొట్టు తీశారో, ఏ మేడకి రంగు వేశారో ఏకరువు పెట్టిన మనిషి అతను. ఆ గదిలోకి వెళ్ళాడంటే ఆ మనిషి ఇక తనకు మిగలడని ఆమె భయం. ఇప్పటికే సగం పోయాడు. అన్నం ముందు కూర్చుని బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతున్నాడు.

ఒప్పించడానికి రానివాడు పాపాత్ముడు అన్నట్టు ఇంటికి జనం కట్టారు. అందరిలోకీ పెద్ద నోరు బావగారిది, అంటే డ్రైవరుకి స్వయానా అన్న. ఇన్సూరెన్సు ఏజెంటు. నిద్రపోతున్నవాణ్ణి లేపి పాలసీ అంటగట్టి, మళ్ళీ జోకొట్టి పడుకోబెట్టగల ఘటం. ప్రతి ఆదివారం వచ్చి, సోఫాలో బాసింపట్టు వేసుక్కూర్చుని మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్, నీ తప్పేం లేదని గవర్నమెంటే చెప్పిందిరా. ఇంకెవరు చెప్పాలి? రోడ్డంటే భయమైతే నా కారు తీస్కో, నాలుగు రోజులు తిరుగు, అదే పోతుంది."

"రోడ్డంటే నాకేం భయం లేదన్నయ్యా."

"మరేంటి నీ బాధ? స్కూటరు మీద ఊరంతా తిరుగుతున్నావ్. స్కూటరు తోలేవాడికి బస్సంటే భయమేంట్రా? నాటకాలు కాకపోతే!"

డ్రైవరు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. బావగారు ఆమె వంక తిరిగి, "చూశావా అమ్మాయ్, సమాధానం ఉంటేగా చెప్పడానికి," అనేవాడు, గెలిచినట్టు.

స్కూటరు సంగతి నిజమే. ఆమెను కూడా అది ముల్లులా పొడుస్తూనే ఉంది. కూరగాయలకీ, పాలకీ, అత్తగారి మందులకీ అతను స్కూటరు మీదే వెళ్తున్నాడు. తనను మాత్రం ఎక్కించుకోవడం మానేశాడు. పొద్దున్నే బస్టాపు దాకా దింపమంటే వెనక టైరులో గాలి తగ్గిందంటాడు. ఇంకోరోజు క్లచ్చు పట్టేస్తోందంటాడు. తను నడిచి స్టాపుకి చేరేలోపు అదే స్కూటరు మీద అతను పక్కనుంచే వెళ్ళిపోతాడు, ఎక్కడికో. పెళ్ళయిన కొత్తలో అలక పూనితే ఇలాగే చేసేవాడు. ఇన్నేళ్ళకి ఈ ముసలి అలకేమిటి, తనేం చేసింది అని ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి ఏమీ అనేది కాదు.

అనకపోవడం ఆమె స్వభావం. తన మాట అంకె ఎంత అని ఒకసారి ఆఫీసులో ఊరికే ఆలోచించి, తనకు తనే మూడు వేసుకుంది. బావగారికి తొమ్మిది. అత్తగారిది మాట తక్కువైనా ఏడుపు బాగా పనిచేస్తుంది, అది ఆటలో లేని అంకె.

మూడు ఉన్నవాళ్ళు ఆటలో ఏం చేస్తారో ఆమెకు బాగా తెలుసు. నక్కతోలు కోటు కొనుక్కుని తొడుక్కుంటారు, కోటు ఒంటి మీద ఉన్నంతసేపూ మాట రెండంకెలు పెరుగుతుంది. ఎదుటివాడికి ఏం ఇష్టమో కనుక్కుని ముందు అది చేతిలో పెడతారు. మాట్లాడబోయే ముందు ఆటను అక్కడికి భద్రం చేసుకుంటారు, తిక్క సమాధానం వస్తే వెనక్కెళ్ళి మళ్ళీ అడుగుతారు. రోజుకు ఎనిమిది గంటలు ఇవే చూసే మనిషికి బుర్రలో ఇంకేం మిగులుతుంది? ఇంట్లోనూ అదే దారి పట్టింది. అతనికి ఇష్టమైన కూర వండి, రేడియోలో క్రికెట్టు గెలిచిన పూట చూసి, మెల్లగా కదిపింది. లాభం లేకపోయింది. రెండు రోజులాగి, కూర మార్చి, మాట అదే పెట్టి మళ్ళీ కదిపింది.

"మొన్న కూడా ఇదే అన్నావు," అన్నాడతను ప్లేటులోకి చూస్తూ. "అక్షరం తేడా లేకుండా."

ఆటలో వెనక్కి వెళ్తే ఎదుటివాడికి ఏమీ గుర్తుండదు. ఇంట్లో అన్న మాట అన్నట్టే పడి ఉంటుంది, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ఆమెకు అది తట్టలేదు. తట్టకపోగా ఇంకో పని చేసింది. ట్రంకుపెట్టెలోంచి యూనిఫారం తీసి, ఉతికి, మడత నలగకుండా ఇస్త్రీ చేసి, ముందుగదిలో కొక్కేనికి తగిలించింది, లేవగానే కళ్ళబడేట్టు. ఆమె నక్కతోలు కోటు అది. అతను లేచాడు, చూశాడు, దాన్ని తీసి మళ్ళీ పెట్టె అడుక్కి తోశాడు. ఆ వారమంతా ఆమెతో ముక్తసరిగా కూడా మాట్లాడలేదు. బావగారు తొమ్మిదితో చెయ్యలేని నష్టం ఆమె మూడుతో చేసేసింది.

ఆఫీసులో ఏటి ఒడ్డు ఘట్టం చివరి దశకొచ్చింది. ఆమె పట్టుకున్న పురుగుల్లో ఒకటి భలే విచిత్రమైంది. ఆటలో తెల్లవారే వేళకు పడవవాడు లేచి, తాడు విప్పి, ఒక్కడే పడవలో ఏట్లోకి వెళ్తాడు. వల వేస్తాడు, వెనక్కొచ్చి తాడు కట్టి మళ్ళీ ఒడ్డున కూలబడతాడు. ఒడ్డు మరీ బోసిగా ఉందని బొమ్మలు కదిలించే కుర్రాడు దాన్ని పెట్టాడట. ఆమె రాసి పంపింది: పడవ నడపనన్నవాడు పొద్దున్నే పడవలో తిరుగుతున్నాడు, పొంతన లేదు, తీసేయాలి.

"భలే పట్టావక్కా!" అంది కథలమ్మాయి. "నేనసలు చూళ్ళేదు. ఈ వారంలో తీయించేస్తా."

"ఇంకోటి కూడా ఉంది," అంది ఆమె. "తొమ్మిది దగ్గర వాడు లేవడం నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

"లేవట్లేదా? అంకె పనిచెయ్యట్లేదా?"

"అంకె బానే పనిచేస్తోంది. లేస్తున్నాడు. నాకే నమ్మకం కలగట్లేదు."

కథలమ్మాయి జాలిగా చూసింది. "అది పురుగు కాదక్కా. అంతంత అంకె సంపాదించుకున్నవాడికి ఆ మాత్రం ఫలితం దక్కకపోతే ఊరుకుంటారా? మనల్ని తిట్టిపోస్తారు."

ఆ మాటా నిజమే.

ఆట బయటికొచ్చే తేదీ ముంచుకొస్తోందని ఆ ఆదివారం ఆమె లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుంది. బావగారికి ఎక్కడో పెద్ద పాలసీ తగిలి రాలేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది. అత్తగారు లోపల కునుకు తీస్తోంది. డ్రైవరు భోజనాల బల్లకు ఒక చివర టేబుల్ ఫ్యాను విప్పి ముందేసుకున్నాడు. ఇంకో చివర ఆమె. చాలాసేపు స్క్రూలు దొర్లే చప్పుడూ మీటలు నొక్కే చప్పుడూ, లాప్‌టాప్‌లోంచి సన్నగా వచ్చే ఆట మాటలూ తప్ప ఏమీ లేదు.

"ఏంటది, ఇందాకట్నుంచీ వాడికి ఒకటే చెప్తున్నావు?" అన్నాడతను ఉన్నట్టుండి.

"ఎవరికి?"

"ఆ పడవవాడికి. నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అని. వాడి చెవులు తూట్లు పడుంటాయి పాపం."

ఆ గదిలో ఆ మాట వినిపించకుండా చూసుకోవాలన్న ధ్యాసే లేకపోయింది తనకు. గబుక్కున మూత వేయబోయింది. అతను "ఉండు" అని, చేతికంటిన నూనె పాతగుడ్డకు తుడుచుకుని, కుర్చీ ఇటు లాక్కున్నాడు. "ఎలా ఆడాలి ఇది?"

చూపించింది. ఏ మీట ఏం చేస్తుందో, ఈ అంకెలేమిటో చెప్పింది. అతను తన మనిషికి మాట పదికి పది వేసుకున్నాడు. ఏటి ఒడ్డుకెళ్ళి, పడవవాడి ముందు నిలబడి, వచ్చిన వాక్యమల్లా నింపాదిగా చదివి నొక్కాడు. నీ తప్పేం లేదు నొక్కాడు. ఉపన్యాసం నొక్కాడు. పడవవాడు కళ్ళు తుడుచుకుని, "నా కళ్ళు తెరిపించావు మిత్రమా" అంటూ లేచాడు.

"ఇదెవరు రాశారు?"

"మా కథలమ్మాయి."

"ఎన్నేళ్ళుంటాయి?"

"ఇరవై మూడు."

"అలా చెప్పు," అన్నాడతను. "పది ఉంటే లేచిపోతాడా? అన్నయ్యకి పదకొండుంది. నేను లేచానా?"

ఇన్ని నెలల్లో ఆ సంగతి తనంతట తాను ఎత్తడం అదే మొదలు. ఏమైనా అంటే చెడుతుంది, అనకపోతే జారిపోతుంది. చివరికి ప్రతిరోజూ ఆఫీసులో అడిగే ప్రశ్నే అడిగింది.

"మరేమంటే లేస్తాడు?"

అతను ఆట వెనక్కి తిప్పించుకుని, తెర మీది వాక్యాలన్నీ పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ మళ్ళీ చదివాడు. "ఇందులో లేదు."

"ఏది లేదు?"

అతను జవాబు చెప్పేలోపే ఆటలో తెల్లవారింది. పడవవాడు లేచి, తాడు విప్పి, ఒక్కడే ఏట్లోకి బయల్దేరాడు. డ్రైవరు ముందుకు వంగాడు.

"ఇదుగో, వెళ్తున్నాడుగా!"

"అది పురుగు. తీసేయమని రాసిచ్చాను."

"ఎందుకు తీసెయ్యడం?"

"పడవ నడపనన్నవాడు పడవేసుకుని తిరగడమేంటండీ? పొంతన లేదుగా."

అతను ఆమె వంక చాలా రోజుల తర్వాత తిన్నగా చూశాడు. "పడవ నడపనని వాడెక్కడన్నాడు? మొదట ఏమన్నాడో చదువు."

చదివింది. ఆ ఘట్టంలో పడవవాడి మొట్టమొదటి వాక్యం అది, వందలసార్లు నొక్కి దాటేసిన వాక్యం. నా పడవలో ఎవరినీ ఎక్కించుకోను, వెళ్ళిపో.

"ఏరంటే వాడికేం భయం లేదు," అన్నాడతను. గొంతు తగ్గించి, తెరలోని మనిషికి వినపడకూడదన్నట్టు మాట్లాడుతున్నాడు. "ఏరు ఎదురుగా ఉంటుంది. ఎదురుగా ఉన్నదానికి చెయ్యి దానంతటదే తిరుగుతుంది, ఆలోచించక్కర్లేదు. వెనక కూర్చున్నవాళ్ళే కనపడరు. వాళ్ళు మన చేతుల్ని నమ్ముకుని వెనక కబుర్లాడుకుంటూ ఉంటారు. ముందువాణ్ణి తప్పించాలని మనం ఒకటి చేస్తే, వెనక ఎవరికేమవుతుందో..." తెర వైపు వేలు చూపించాడు. "పక్కనున్నవాళ్ళంతా ఏటి గురించి చెప్తారు వాడికి. ఏరు మంచిది, ఏరు ఏం చెయ్యదు అని. ఏటి గురించి ఎవడడిగాడు?"

వెనక టైరులో గాలి లేదు. క్లచ్చు పట్టేస్తోంది. ఆమెకు ఒక్కసారిగా కళ్ళ ముందు తెర తొలగినట్టయింది. అలక అనుకుంది తను! తను వెనక కూర్చుంటే అతని చేతులు వణుకుతాయని, తనకేమైనా అవుతుందేమోనని అతని ప్రాణం కొట్టుకుంటోందని తట్టనే లేదు. బావగారు నాటకం అన్నాడు, తను పురుగని రాసిచ్చింది. ఇద్దరికీ తేడా ఏముంది?

"అయితే వాడికేం కావాలి?" అంది.

"ఒక్కసారి ఖాళీగా వెళ్ళి రానివ్వాలి. ఊరికే వల వెయ్యడానికి కాదు. జనాన్ని తీసుకెళ్ళే దారిలోనే, ఆ ఒడ్డు దాకా, మధ్యలో ఎవరూ ఎక్కకుండా. వెనక ఖాళీ సీట్లు పెట్టుకుని ఒకసారి వెళ్ళి రావాలి. అలా ఒక్కడైనా అన్నాడా? వచ్చినవాడల్లా నన్నెక్కించుకో, నన్నెక్కించుకో అనేవాడే."

పడవల్లో సీట్లుండవు. అది ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట పట్టుకోలేదు. అయితే మీరూ అలాగే అడగండి డిపోలో అనే వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది, తొమ్మిదో పదో ఉన్నవాళ్ళు ఠక్కున అనేసే వాక్యం. మింగేసింది. "రేపు ఆఫీసులో చెప్తాను, ఈ మాట పెట్టమని," అంది.

"చెప్పు," అని అతను ఫ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఫ్యాను తిరిగింది.

మర్నాడు ఆమె పెద్దాయన గదిలోకి వెళ్ళి నిలబడింది. ఎప్పుడూ ఏదున్నా రాసి పంపే మనిషి ఇలా ఎదురుగా రావడం చూసి అతను ఉద్యోగం మానేస్తుందేమోనని హడలిపోయాడు. కథలమ్మాయిని కూడా పిలిచి, పడవవాడు పొద్దున్నే వల వేయడం తప్పు కాదనీ, తన తప్పేననీ, దాన్ని ఉంచెయ్యమనీ చెప్పింది. ఖాళీ పడవ సంగతి చెప్పింది. భర్త సంగతి చెప్పలేదు. కథలమ్మాయి కొరుకుతున్న పెన్సిలు నోట్లోంచి తీసేసింది.

"బావుందక్కా. కానీ దీనికి ఎంత పెడదాం? మాట ఎనిమిది?"

"అంకె వద్దు."

"అంకె లేకపోతే ఎలాగండీ?" అన్నాడు పెద్దాయన. "మూడున్నవాడూ పదున్నవాడూ ఒకటే అయిపోతే ఇక కష్టపడి మాట పెంచుకోవడం ఎందుకు?"

"పదున్నవాడికి మనం రాసినవన్నీ కనపడతాయి," అంది ఆమె. "మనం రాయనిది వాడికీ కనపడదు కదండీ. మనకే తట్టలేదు, వాడి పది ఏం చేస్తుంది? వాడికి వేరేవి బోలెడున్నాయి. ఇది ఒక్కటి మాత్రం, పొద్దున్న దాకా అక్కడుండి వాడు ఒంటరిగా వెళ్ళడం చూసినవాడికి ఇద్దాం. ఎవడైనా సరే."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. అంత సేపు ఒడ్డున ఊరికే నిలబడే ఆటగాడు వందకి ఒకడు కూడా ఉండడన్నాడు. ఉంటే వాడి అదృష్టం, పెట్టెయ్యమన్నాడు. ఆ మధ్యాహ్నం కథలమ్మాయి పడవవాడి జవాబులోంచి కళ్ళు తెరిపించిన మిత్రుణ్ణి కూడా తీసేసింది, ఎవరూ అడక్కుండానే.

ఇంట్లో ఆమె ఆ వారమంతా దేని గురించీ కదపలేదు. పొద్దున్నే స్కూటరు వంక చూడకుండా నడిచి స్టాపుకి వెళ్ళింది. అడగకపోతే అతనికి సాకు వెతుక్కునే పని తప్పింది. ఒకటో తారీఖు దగ్గరపడుతోంది. అడగాలనిపించిన ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి ఏ గిన్నో తోమేది. ఆ వారం ఇంట్లో గిన్నెలు తళతళలాడాయి.

బుధవారం సాయంత్రం అతను టీ తాగుతూ, "డిపోకి వెళ్ళొచ్చాను," అన్నాడు.

"ఊఁ."

"నాకు మాట్లాడటం రాదుగా. మేనేజరు ముందు నిలబడి నీళ్ళు నమిలాను. ఆయన చూసి చూసి, ఏం కావాలయ్యా అన్నాడు. ఖాళీ బండి కావాలన్నాను."

"ఏమన్నారు?"

"మతి పోయిందా అన్నాడు. ఖాళీ బండి తిప్పితే డీజిలు మీ నాన్నిస్తాడా అన్నాడు. నేనట్లాగే నిలబడ్డాను, ఇంకేం చెప్పాలో తెలీక. చివరికి..." టీ గుక్క తాగాడు. "వర్క్‌షాపులో ఒక బండి రిపేరయి పడుందంట. మన స్టాపు మీదుగానే డిపోకి తోలుకురావాలంట."

"ఎప్పుడంట?"

"చూద్దాం," అన్నాడు. ఆమె గ్లాసు అందుకుని, కడగడానికి తీసుకెళ్ళింది. కొళాయి నీళ్ళు జోరుగా వదిలి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

మర్నాడు ఆమె లేచేసరికి స్కూటరు వాకిట్లో లేదు. పాలకి వెళ్ళుంటాడనుకుంది. పాలు గుమ్మంలోనే ఉన్నాయి. గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె మూత ఎత్తి అడుగు దాకా తడిమింది. చేతికి దుప్పట్లు తగిలాయి, పాత స్వెట్టరు తగిలింది, ఇంకేం తగల్లేదు. మూత వేసి, జడ కూడా సరిగ్గా అల్లుకోకుండా స్టాపుకి పరుగులాంటి నడక నడిచింది.

స్టాపులో జనం బాగానే ఉన్నారు. ఆఫీసులకు పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, మందుల సంచీ పట్టుకున్న ఒక పెద్దాయన. ఆఫీసు పెద్దాయనలా కాక ఈయన నిజంగానే పెద్దవాడు, డెబ్బై దాటి ఉంటాయి. రావాల్సిన బస్సు ఎప్పటిలాగే రాలేదు. ఆమె ఆఫీసు సంగతి మరిచిపోయి రోడ్డు చివర మలుపునే చూస్తూ నిలబడింది.

మలుపులో బస్సు కనిపించింది. కొత్తగా రంగు వేసిన బస్సు, ముందు బోర్డు లేదు. జనం సంచులు ఎత్తుకుని ముందుకు తోసుకొచ్చారు. పెద్దాయన చెయ్యి ఎత్తాడు. బస్సు మెల్లగా, నిండా మనుషులున్న బస్సును నడిపినంత జాగ్రత్తగా వస్తోంది. దగ్గరికొచ్చేసరికి కిటికీలన్నీ ఖాళీగా కనపడ్డాయి. ఒక్క మనిషి లేడు. స్టీరింగు ముందు ఇస్త్రీ మడతలు నలిగిన చొక్కాలో అతను కూర్చుని ఉన్నాడు, పెదాలు బిగించుకుని. ఒకసారి పైనున్న అద్దంలోకి, తన వెనకున్న ఖాళీ సీట్ల వంక చూశాడు. మళ్ళీ రోడ్డు చూశాడు. ఆమెను చూశాడో లేదో తెలియదు. బస్సు స్టాపు దాటి, తర్వాతి స్టాపు వైపు వెళ్ళిపోయింది.

జనం ఒక్కసారిగా భగ్గుమన్నారు. ఎవరో బస్సు వెళ్ళిన వైపు ఉమ్మేయబోయి ఆగారు. పెద్దాయన ఎత్తిన చెయ్యి దించకుండానే తిట్లు లంకించుకున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా వీడికి? బండి మొత్తం ఖాళీ పెట్టుకుని, ఇంతమందిమి నిలబడి ఉంటే ఒక్కణ్ణి ఎక్కించుకోకుండా పోతాడా? ఎవడమ్మా వాడు, అంత పొగరుబోతు?"

ఆమె ఆ బస్సు వెనక అద్దం కనుమరుగయ్యేదాకా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.

"మావారండీ," అంది.